విరాటుని కొలువు

పడమటి సముద్రమునుండి బయలుదేరిన నైరుతి మేఘములు సహ్యాద్రి శిఖరములపై తమ భారమునంతయు దించుకొని, తేలికపడి, తూర్పునకు సాగిపోవు త్రోవలో అనంతపుర పీఠభూమిపై నీడను మాత్రము పఱచి పోవును. బంగాళాఖాతమునుండి వచ్చు ఈశాన్య మేఘములు కోస్తా జిల్లాలకు పంచిపెట్టగా మిగిలినదానినే ఇచ్చటికి తెచ్చును. ఇట్లు రెండు సముద్రములకును దూరపు చుట్టమైన ఈ సీమలో సంవత్సరమున కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను క్రమముగా కురియునా యనిన, కురియదు. ఒక్క వారములో కురిసి గట్లు తెంచి, ఆపై నెలలకొలది ముఖము చాటువేయును. పల్చని ఎఱ్ఱనేలలో, ఈ చపలచిత్తమైన వాననే నమ్ముకొని, రైతు ఏటేట వేరుసెనగ విత్తుచునే యున్నాడు.

శ్రావణమాసపు మధ్యాహ్నమున అనంతపురము విడిచి ధర్మవరము త్రోవ పట్టిన బస్సునుండి చూడగా, సాళ్ళకు సాళ్ళు వేరుసెనగ మొక్కలు ఎండకు తాళలేక ఆకులను జంటజంటలుగా ముడుచుకొని యుండెను. సాయంకాలమునకు అవి మఱల విప్పుకొనునని, ఇంక రెండు వారములు వాన లేకపోయినచో సాయంకాలమునకును విప్పుకొనవని, నా ప్రక్కన కూర్చున్న వృద్ధుడు, బొరుగుల పొట్లమును నా వైపునకు జరుపుచు, పరుల చేనిని గూర్చి చెప్పినంత నెమ్మదిగా చెప్పెను. ఆ చేలలో ఆతనిది కూడ ఒకటి యని దిగునప్పుడు తెలిసినది. 2022 ఏప్రిల్ నెలలో జిల్లాను విభజించినప్పుడు ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినది గాని, ఆ క్రొత్త సరిహద్దును ఎచ్చట దాటితిమో బస్సులోని వారెవ్వరును చెప్పలేకపోయిరి.

ధర్మవరము పేరు వినగానే లోకమునకు జరీ అంచు పట్టుచీర జ్ఞప్తికి వచ్చును. వీధివీధిని మగ్గముల చప్పుడు వినబడు ఆ పట్టణమున నాకు జ్ఞప్తికి వచ్చినది మాత్రము ఒక వకీలు. 1853లో ఇచ్చట జన్మించి, బళ్ళారిలో న్యాయవాదవృత్తి నవలంబించి, పగలు న్యాయస్థానమునను రాత్రి రంగస్థలమునను సమానమైన నిష్ఠతో వాదించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, సరసవినోదినీ సభను నెలకొల్పి, ‘చిత్రనళీయము’, ‘విషాదసారంగధర’ మొదలుగా అనేక నాటకములను స్వయముగా రచించి, స్వయముగా వేషము కట్టి, 1912లో పరమపదించునాటికి ఆంధ్రనాటక పితామహులని పిలువబడుచుండిరి. వారికి సమకాలికులును, ఒకవిధమున ప్రతిస్పర్ధులును అగు కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభ పక్షమున చారిత్రక నాటకమునకు ప్రతిష్ఠ తెచ్చిరి, ఆయనయు న్యాయవాదియే. ఆ కాలపు బళ్ళారిలో వ్యాజ్యములు గలవారు తమ వకీళ్ళను నల్లకోటుతో ఎక్కువగా చూచిరో కిరీటముతో ఎక్కువగా చూచిరో నిర్ణయించుట కష్టము. అనంతపురము 1882 వఱకు ఆ బళ్ళారి జిల్లాలోని భాగమే కదా. కావున ఈ మెట్టభూమిలో నాటకమనునది ఆదినుండియు, వేఱొక పనిచేసి పొట్టపోసికొనువారు రాత్రివేళ చేసిన పనియే.

నా ప్రయాణమునకు గమ్యము ధర్మవరము కాదు. దానికి సమీపమున నున్న నిమ్మలకుంట. తోలుబొమ్మల చిత్రకారులకు ఆ గ్రామము నివాసము. ఇంటిలో మరాఠీ పోలికగల మాటను, వీధిలో తెలుగును పలుకు ఈ కుటుంబములవారు తరతరములుగా ఊరూర తెరగట్టి రామాయణ భారతములాడినవారు. ఆటకు పిలుపులు సన్నగిల్లిన యీ దినములలో దీపపు గూళ్ళను, గోడకు తగిలించు పటములను చేసి నగరములకు పంపుచున్నారు. ఈ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. నేను పోయిన యింటి పంచలో ఒక యువకుడు మేకచర్మముపై హనుమంతుని తోకకు రంధ్రములు చేయుచుండెను. వేడినీట నానవేసి, రోమములు గీకి, బిగలాగి ఆరవేసిన ఆ చర్మము, వెలుతురునకు పట్టి చూచినచో ఆవలి మనుష్యుని నీడ తెలియునంత పలుచనిది. సన్నని ఉలిని నిలిపి సుత్తితో ఒక దెబ్బ, దెబ్బకొక్క చుక్క. ఆ చుక్కలు పంచలో కూర్చుండి చూచువానికి వట్టి చిల్లులు. దీపము వెనుకనుండి వెలిగినప్పుడు తెరమీద అవియే హారములు, కంకణములు అగును. తలయు, చేతులును, కాళ్ళును వేఱువేఱుగా కోసి దారపు ముడులతో కలిపెదరు గావున బొమ్మ యాడుటకు వీలగును. ఇదివఱకు ఆముదపు దీపము, పిమ్మట పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు. దీపము కదలినప్పుడు బొమ్మకు ప్రాణము వచ్చునట్లుండెడిదనియు, బల్బు కదలదు గావున ఆ కదలికను కూడ తామే తేవలసివచ్చుచున్నదనియు ఆ యింటి పెద్ద వాపోయెను.

ఆటకు మొదట గణపతి, పిమ్మట సరస్వతి. ఆ వెనుక జుట్టుపోలిగాడును బంగారక్కయు తగవులాడుచు తెరపైకి వచ్చి, ఆట కట్టించినవారెవరో, తాంబూలమెవరిచ్చిరో, ఊరిలో చేయి ముడుచుకొన్నవాడెవడో చెప్పి నవ్వించి, రాబోవు రాజులెవరో తెలిపి పోవుదురు. రాజులు వచ్చుటకు ఇంత తడవేల యని నేనడుగగా, ఆయన రంగుగిన్నెలోనుండి తల యెత్తక, “ముందు ఎవరెవరో చెప్పల్ల గదా సామీ. చెప్పకుండా రాముణ్ణి దించితే, యా ఊరి రాముడో జనానికెట్ల తెలుస్తాది?” అనెను. రామునకు అయోధ్య తప్ప వేఱొక ఊరు కలదా యని నేను తలపోయుచుండ, ఆయన కుమారుడు అది హాస్యమని నాకు తెలియుటకై నవ్వెను.

వీధినాటకమునందును ఇదియే మర్యాద. ఇద్దఱు మనుష్యులు ఒక దుప్పటిని అడ్డముగా పట్టుకొని నిలుతురు. దాని వెనుకనుండి కిరీటపు కొనయు గజ్జెల సవ్వడియు మాత్రము తెలియుచుండ, సూత్రధారుడు ‘అయ్యా, తమరెవరు? తమ నామధేయమెద్ది? ఇచ్చటికి విచ్చేసిన కారణమేమి?’ యని ప్రశ్నించును. వేషగాడు తన ప్రవేశదరువులో తన వంశమును, పరాక్రమమును తానే పొగడుకొని, అటుపిమ్మటనే ముఖము చూపును. నగరములందలి నాటకశాలలలో అచ్చొత్తించిన కాగితమొకటి చేతికిచ్చి యీ పనిని ముగింతురు. అందు పాత్ర పేరును దానికెదురుగా నటుని పేరును చుక్కలతో కలిపియుండును. నాకు దుప్పటియే నచ్చినది.

ఆ సాయంకాలమే, సమీపమున నున్న యొక పల్లెలో విరాటపర్వ మాడబోవుచున్నారని ఆ బొమ్మల యింటి పెద్దయే చెప్పెను. “వాన్ల కోసరం. మొదుల మమ్మల్నే అడిగిండ్రి. మళ్ళ, మా పిల్లోళ్ళే యేసం కడతాం లేప్పా అనిరి.” ఆ మాటలో నిష్ఠురము లేకపోలేదు. అయినను, పోయి చూడుమని ఆటో మాటలాడి పంపినదియు ఆయనయే.

వాన రానప్పుడు విరాటపర్వము చదివించుట, ఆడించుట తెలుగునాట పూర్వాచారము. దీనికి మూలము భారతమునందే కలదు. పాండవుల అజ్ఞాతవాసపు జాడ తెలియక దుర్యోధనుడు తల్లడిల్లుచుండగా, భీష్ముడు వారిని వెదకు ఉపాయమును సూచించుచు, ధర్మరాజు నివసించు దేశమున వానలు వేళకు కురియుననియు, పైరులు ఫలించుననియు, గోవులు సమృద్ధిగా పాలిచ్చుననియు, అట్టి లక్షణములు కనబడిన దేశమున అతనిని వెదకవలసినదనియు చెప్పును. శత్రువులు వేగు నడుపుటకు చెప్పిన యీ గుఱుతును మన రైతు ఎంత నేర్పుతో త్రిప్పుకొన్నాడో చూడుడు: ధర్మరాజు ఉన్నచోట వాన కురియునేని, వానకై ధర్మరాజునే ఊరికి రప్పించిన సరిపోవును. తర్కశాస్త్రజ్ఞులు దీనిని అంగీకరింపకపోవచ్చును. తర్కశాస్త్రజ్ఞులకు చేను లేదు.

పల్లె చేరునప్పటికి దీపములు పెట్టువేళ యైనది. ఆంజనేయుని గుడి యెదుట బండలపై మట్టి పోసి అరుగు కట్టి, నాలుగు వెదుళ్ళు పాతి, పట్టణమునుండి అద్దెకు తెచ్చిన రాజాస్థానపు తెర వ్రేలాడగట్టి యుండిరి. ఆ తెరలోని స్తంభముల నడుమ ఒక నెమలియు, నీళ్ళు చిమ్ము ఒక ఫౌంటెనును చిత్రింపబడి యుండెను. ఊరి బోర్లలో నెన్ని ఎండిపోయినవో నాకు త్రోవలో ఆటోవాడు వివరించి చెప్పి యుండుటచే, ఆ ఫౌంటెనువంక కొంతసేపు చూడకుండ నుండలేకపోతిని. ప్రాథమిక పాఠశాలలోని ఒక గది వేషముల గది. నల్లబల్లపై గుణింతము చెఱుపకుండ అట్లే యున్నది. దాని క్రింద బెంచీలపై కిరీటములు, భుజకీర్తులు, పట్టు పంచలు, మూడు గదలు, ఒక గడ్డము.

నన్ను చూడగానే హార్మోనియము ముందునుండి లేచి నమస్కరించిన వ్యక్తి నాటకమునకు గురువు. అందఱును అయ్యోరు అని పిలుతురు. తాడిపత్రి ప్రాంతమువాడు. పంట లేని నెలలలో ఊరూర మకాము వేసి, అక్షరము రానివానిచేత సయితము రాగము తీయించి పద్యము పాడించుట ఆయన వృత్తి. వ్రాతప్రతి ఆయన చేతివ్రాతలోని నోటుపుస్తకము. అనేకుల రచనలనుండి ఏరి, కూర్చి, మఱచిపోయినచోట తాను పూరించి తయారుచేసినది గావున, ఇది ఫలానా కవి నాటకమని చెప్పుటకు వీలులేదు. హార్మోనియపు పెట్టె మూతకు లోపలివైపున ఆయన యొక ఛాయాచిత్రము నంటించుకొన్నాడు: బళ్ళారి రాఘవ. “మా ఊరోడు సార్,” అని ఆయన గర్వముతో చూపెను. నిజమే, తాడిపత్రి రాఘవాచార్యులు 1880లో ఆ ఊర పుట్టి, మేనమామయైన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి యొద్ద నాటకమున ఓనమాలు దిద్దుకొని, తానును బళ్ళారిలో వకీలై, రంగస్థలముపై పద్యము సాగదీయుటకంటె పాత్రయొక్క మనస్సును చూపుట ముఖ్యమని వాదించి, 1946లో మరణించువఱకును ఆ వాదమును విడువని మహానటుడు. రాగము సాగదీయుటయే జీవనోపాధిగా గల ఈ గురువు ఆయన చిత్రమును పూజించుట నాకు వింతగా తోచెను గాని, ఆ మాట పైకి అనలేదు.

“రాండి, మావాళ్ళను చూపిస్తా,” అని ఆయన నన్ను బెంచీల వెంట నడిపించెను.

మొదట విరాటమహారాజు. ఒకప్పుడు పెద్ద కమతమును, ఇప్పుడు పెద్ద పేరును మాత్రమే కలిగిన మాజీ సర్పంచి. ఎన్ని నాటకములు మాఱినను సింహాసనముపై కూర్చుండు పాత్ర ఈయనదే. పద్యములు తక్కువ, గౌరవము ఎక్కువ. మోకాళ్ళ నొప్పిచే లేచి నిలువలేడు గావున, ఎవరు వచ్చినను కూర్చుండియే పలుకరించు రాజు కావలెనని గురువు ముందుగానే గ్రహించెను. ఆయనకు మీసము దిద్దుచున్న మనుమడే ఉత్తరకుమారుడు: డిగ్రీ ముగించి, ఉద్యోగపరీక్షలకై ధర్మవరములో గది తీసికొని చదువుచున్న పిల్లవాడు. కౌరవసేనను ఒక్కడనే గెలిచెదనని అంతఃపురమున ప్రగల్భములు పలుకు ఘట్టమును ఆ కుఱ్ఱవాడు రిహార్సలులో చెప్పినప్పుడు, వాని తల్లి “ఆ మాట పరీక్ష రాసేటప్పుడు చెప్పురా” అన్నదట. ఆ వాక్యమును గురువు నాటకములోనికే తీసికొనెను.

కీచకుడు ఆర్టీసీ కండక్టరు. ఇచ్చట పాత్రలు ఊరక యీయరు. హార్మోనియము, తబలా, డ్రెస్సులు, మైకు, పట్టణమునుండి వచ్చు నటీమణులు, వీరందఱకును చెల్లింపవలసిన సొమ్మును వేషగాండ్రే పంచుకొందురు. ఏ వేషమునకెంత యని పెద్దలు కూర్చుండి నిర్ణయింతురు. భారతమును వినువారెవరైనను ధర్మరాజు వేషమునకు ఎక్కువ వెల యని తలంతురు. కాదు, కీచకునకు ఎక్కువ. రంగుల పట్టుబట్టలు, నెమలికన్నుల తలపాగా, శృంగారపద్యములు, చివర చావు, ఇన్నియు ఒక్కవేషమున దొరకునప్పుడు పోటీ తప్పదు. నెలజీతము గలవాడొక్కడే ఆ పోటీలో నిలిచెను. ఆయన అద్దమున తన్ను చూచుకొనుచు, చిల్లర అడిగిన ప్రయాణికుని చూచినట్లు, నన్నొక్కసారి కడకంట చూచి మరల అద్దమునకే మరలెను.

వలలుడను పేర విరాటుని వంటయింట చేరిన భీమసేనుడు బోర్‌వెల్ లారీపై పనిచేయువాడు. పెద్ద దేహము, సిగ్గుపడు మాట. పొయ్యి వెలిగించుట కూడ తెలియదని తోడివారు పరిహసించుచుండిరి. “ఎనిమిది నూర్ల అడుగులు దించినా దుమ్మే వస్తాంది సార్. ఆ దుమ్ము మింగీ మింగీ గొంతు పోయింది,” అని తన పద్యములు తక్కువగుటకు కారణము చెప్పెను. పద్యము తగ్గించి గురువు ఆతనికి గదాఘాతములు పెంచినాడు.

బృహన్నల వేషమునకు సొమ్ము లేదు, కట్టెదనన్నవాడే లేకపోయెను. అర్జునుడు కావలెనని నలుగురు ముందునకు వచ్చిరి గాని, అర్జునుడు ఆ సంవత్సరమెల్ల జడవేసికొని నాట్యము చెప్పెనని తెలిసి నలుగురును వెనుకకు పోయిరి. చివరకు ధర్మవరములో మగ్గమునేయు యువకుడొకడు ఒప్పుకొనెను. ఆతడు గదిమూల కూర్చుండి, ఎవ్వరి సాయమును లేక, తనంతట తానే జడకుప్పెలు కట్టుకొనుచుండగా చూచితిని. పట్టుపోగులను తెంచకుండ ముడివేయు ఆ వ్రేళ్ళు జడపాయల నడుమ ఆడుచుండిన తీరును చూచినచో, ఉచితముగా వచ్చిన ఈ వేషమే నాటకమునకు మొనగాడగునని ఎవరికైనను తోచును. “ఊరికే వచ్చిందని ఎగతాళి పడతాండారు సార్. ఆట అయినంక సూద్దాం,” అని మాత్రము ఆతడనెను.

నకులునిగా ఆటో నడుపువాడును, సహదేవునిగా గొఱ్ఱెలకాపరియు వేషము కట్టిరి. ఊరిలో పశువులను ఇంకను నిలుపుకొన్న కొలదిమందిలో ఈ సహదేవుని అన్న ఒకడు. తెల్లవాఱుజామున గోగ్రహణఘట్టమునకు ఆవులు ఆ యింటినుండియే రావలెను. పూర్వము ఆ ఘట్టమున ఊరి మంద యంతయు అరుగు ముందునుండి దుమ్ము రేపుచు పోయెడిదట. మేత లేక కొన్నిటిని అమ్మివేసి, కొన్నిటిని గడ్డి దొరకు ఊళ్ళలోని చుట్టముల యిండ్లకు తోలుటచే, ఈ యేడు దుర్యోధనుడు కొల్లగొట్టదగిన ధనము మిక్కిలి స్వల్పమని గురువు చమత్కరించెను.

ధర్మరాజు వేషమును ధరించువాడు అప్పుడే బస్సు దిగి వచ్చెను. నలుబదేండ్లవాడు; బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటునకు వాచ్‌మన్; భార్య అదే భవనమున ఇండ్లలో పనిచేయును. ఊర ఆతనికి ఆరెకరముల మెట్ట కలదు. చేతిసంచిలో ఖాకీ యూనిఫాము మడతపెట్టి యుండగా, దానిమీదనే, అజ్ఞాతవాసమున కంకుభట్టైన ధర్మరాజు జపమాలను పెట్టుకొని, పద్యములను ఫోనులో రికార్డు చేసికొని రాత్రులు గేటువద్ద కూర్చుండి వల్లించితినని చెప్పెను. ఆతనితో మాటలాడినప్పుడు గాని, ఈ కథను ఈ సీమవారు వానకొఱకు మాత్రమే ఆడుచుండుట లేదని నాకు బోధపడలేదు.

విరాటపర్వమున పాండవులు ఒక్కొక్కరుగా వచ్చి కొలువడుగుదురు. ఒకడు జూదమాడి ప్రొద్దుపుచ్చెదనని, ఒకడు వంటచేసెదనని, ఒకడు ఆట నేర్పెదనని, ఒకడు గుఱ్ఱములను, ఒకడు గోవులను చూచుకొందునని. నీవింతకు ముందెక్కడ పనిచేసితివని విరాటుడడుగగా, వారు ఇంద్రప్రస్థమున ధర్మరాజుగారి యొద్ద ఉంటిమనియే చెప్పుకొందురు. ఏలిన చేతులతోనే చాకిరి చేయుటకు వచ్చినవారు తమ్ము తామే సాక్ష్యమిచ్చుకొను ఈ ఘట్టమును నేను చదివినప్పుడు కవి చమత్కారమని మెచ్చుకొంటిని. వాచ్‌మన్ దానిని వేఱొకవిధమున వివరించెను. “నేనూ అట్లే చెప్పినా సార్. ముందు యాడ పనిజేసినావని ఆ సేటు అడిగె. ఏమని చెప్పల్ల? మా నాయిన పేరు చెప్పినా. ఆయప్ప దగ్గర పదైదేండ్లు నమ్మకంగా చేసినా, కావాలంటే అడుగుకో అన్నా.” తోడివారందఱును నవ్విరి; ఆతడును నవ్వెను. ఆ గదిలో వేషము వేసికొనుచున్నవారిలో బెంగుళూరునకో కేరళకో పోయి, తన పేరుగల పొలమును వెనుక విడిచి, పరుల వాకిట కూలి చేయనివాడు కండక్టరు తప్ప దాదాపు లేడని పిమ్మట విచారించి తెలిసికొంటిని. వారు ఆ యెడబాటును అజ్ఞాతవాసమనియే వ్యవహరింతురు. “వాడు అజ్ఞాతంలో ఉండాడు,” అని ఒకనిని గూర్చి చెప్పగా పోలీసులకు భయపడి దాగినవాడేమో యని తలచితిని. ఆతడు బెంగుళూరులో సెంట్రింగు పనిలో నున్నాడట.

స్త్రీ పాత్రలకు పట్టణమునుండి ఇద్దఱు నటీమణులు వచ్చిరి. ద్రౌపది వేషధారిణి ఏబది దాటినది. రంగస్థలముపై ముప్పది యేండ్ల అనుభవము. ఆమెకు అన్ని వేషముల పద్యములును కంఠస్థములు. తెర లేచిన పిమ్మట కీచకుడు తన పద్యము మూడవపాదమున తడబడి నిలిచిపోగా, సైరంధ్రి వేషములోని ద్రౌపదియే భయముతో ముఖము త్రిప్పుకొనినట్లు నటించి, చెఱగు చాటునుండి ఆ పాదమును అందించుటయు, దానిని అందుకొని కీచకుడు ఆమెపైననే ఆ శృంగారమును ప్రయోగించుటయు నేను అరుగు ప్రక్కన కూర్చుండి కన్నులార చూచితిని. తన్ను పీడించువానికి తానే మాట అందించు ఆ గృహస్థురాలు రాత్రికింత యని పుచ్చుకొను పైకమునకు ఎన్ని రెట్లు పనిచేయుచున్నదో లెక్క కట్టువారు లేరు.

విరాటుని కూతురైన ఉత్తర వేషము మాత్రము ఊరి పిల్లది; తొమ్మిదవ తరగతి. ఆ యూరి ఆడుబిడ్డ అరుగెక్కుట ఇదియే మొదలు. పెద్దలలో సణుగుడు పుట్టినప్పుడు గురువు హార్మోనియపు మూత తెఱచి ఛాయాచిత్రమును చూపి, ఆడవేషములను ఆడువారే కట్టవలెనని ఈ మహానుభావుడు ఆ కాలముననే పట్టుబట్టి, చదువుకొన్న కుటుంబముల స్త్రీలను రంగస్థలముపైకి తెచ్చెనని, ఇంగ్లండునకు పోయి బెర్నార్డ్ షా దొరతో ముచ్చటించి వచ్చినవాడైనను ఈ మట్టిలో పుట్టినవాడేనని ఉపన్యసించెనట. రాఘవ వాదములో ఒకటైనను ఈయనకు ఇట్లు పనికివచ్చినది. రెండవదానిని గూర్చి నేను అడుగకుండుటయే మేలైనది.

రాత్రి పది దాటిన పిమ్మట గణపతి ప్రార్థన జరిగెను. తరువాత గురువు మైకు పుచ్చుకొని పాత్రధారులను ఒక్కొక్కరిగా అరుగు మీదికి పిలిచెను. దుప్పటి లేదు గాని మర్యాద అదియే. పాత్ర పేరు ముందు. వెంటనే తండ్రి పేరు, తాత పేరు, ఆ తాత ఏ వేషమున పేరు తెచ్చుకొనెనో అది, అల్లుడైనచో ఏ యింటి యల్లుడో అది, ఇప్పుడు ఏ ఊర నున్నాడో అది. కిరీటము పెట్టుకొన్న భీముని చూచి ముందువరుసలోని ముసలమ్మ “మా ఓబుళమ్మ మనవడు కాదూ?” అని కేకవేయగా, భీముడు గద క్రిందపెట్టి నమస్కరించెను. బెంగుళూరునుండి వచ్చిన ధర్మరాజునకు పడిన చప్పట్లు ఆతని తండ్రికి పడినవని అందఱికిని తెలియును. ఆయన క్రిందటి యేడు గతించెను. ఈ పరిచయమునకు పట్టిన కాలము నాటకమున ఒక అంకమంత. తొందరపడినవాడెవ్వడును లేడు, నేను సయితము తొందరపడలేదు.

ఆటను వర్ణింపను. బృహన్నల ఊరినంతయు గెలిచెనని మాత్రము చెప్పవలెను; ఉత్తరకు అడుగు నేర్పు ఘట్టమున వన్స్‌మోర్ అని కేకలు వేసినవారిలో చనిపోయిన కీచకుని వేషముతోనే వచ్చి కూర్చున్న కండక్టరును కలడు. విశ్రాంత ఉపాధ్యాయుడొకడు భీష్ముడై, ఆ గడ్డము పెట్టుకొని, ధర్మరాజున్న నేలపై వాన వేళకు కురియునను మాటలను పద్యముగా కాక వచనముగా, నెమ్మదిగా చెప్పెను. అంతవఱకు నిద్రపోవుచున్న పిల్లలను తల్లులు లేపి కూర్చుండబెట్టిరి. మబ్బు లేదు. చుక్కలు నిండుగా నుండెను; ఆ సంగతి అందఱును చూచిరి, ఎవ్వరును అనలేదు.

తెల్లవాఱుజామున గోగ్రహణమునకు వచ్చిన రెండావులలో ఒకటి అరుగు దగ్గఱ అరటిపిలకను చూచి కదలనని మొండికెత్తగా, దుర్యోధనుడును అర్జునుడును కలసి తోలవలసివచ్చెను. మంగళహారతి ముగియుటతోడనే పాఠశాల గదిలో లెక్కలు మొదలైనవి. ఎవరికెంత చెల్లవలెనో గురువు నోటుపుస్తకపు వెనుకపుటలో చూచి చదువుచుండ, ద్రౌపది తన మిగులు పైకమును ఎంచుకొనుచు, మఱునాటి రాత్రి కళ్యాణదుర్గము దగ్గఱ సత్యహరిశ్చంద్రలో చంద్రమతి వేషము కలదు గావున మొదటి బస్సు తప్పకూడదనుచుండెను. ముఖమున రంగు సగము తుడిచిన నలుగురు యువకులు గురువు చుట్టు మూగి, వచ్చే యేటికి బృహన్నల వేషము తమకే వ్రాయుమనియు, సొమ్ము ఎంతైనను ఇత్తుమనియు పోట్లాడుచుండిరి. గురువు ఆ వేషమునకు వెల కట్టుటలో మునిగియుండెను.